బ్లీకర్ వీధిలో బొగ్గు భట్టీ

మన ఇళ్లల్లో పిజ్జా మాటెత్తితే రెండు రకాల మొహాలు కనపడతాయి. పిల్లల మొహాలు వెలిగిపోతాయి, పెద్దవాళ్ల మొహాలు చిట్లిపోతాయి. "మైదా మీద రబ్బరు పరిచినట్టుంది, ఇదేం రొట్టెరా?" అనేది మా అమ్మీ. ఖమ్మంలో మొదటిసారి తినిపించినప్పుడు ఒక ముక్క కొరికి, మిగతాది నా ప్లేటులోకి నెట్టేసి, ఇంటికొచ్చి ఖట్టీదాల్‌తో అన్నం తిని అల్‌హమ్దులిల్లా అంది. నాకూ పెద్ద షౌఖ్ ఏమీ లేదు. న్యూస్ డెస్కులో రాత్రి షిఫ్టు చేసేవాళ్లకి పిజ్జా అంటే ఎవరి బర్త్‌డేకో అట్టపెట్టెలో వచ్చి, పేజీలు వదిలేసరికి చల్లారిపోయి, కుళాయి నీళ్లతో మింగే పదార్థం.

అలాంటిది 2023 అక్టోబర్‌లో న్యూయార్క్‌లోని ఒక పాతకాలపు పిజ్జా దుకాణంలో మా అబ్బాతో కూర్చుని తిన్న పూట ఇప్పటికీ నా జెహన్‌లోంచి పోవడం లేదు. రాయమని భాయిజాన్ కూడా అన్నాడు. "నా సంగతి కూడా రాయి, ఫర్వాలేదు" అన్నాడు. ఇజాజత్ దొరికింది కాబట్టి రాస్తున్నాను.

అబ్బా గురించి చెప్పకుండా ఆ పిజ్జా గురించి చెప్పలేను. మాది కొత్తగూడెం. అబ్బా 1971లో, ఇరవై రెండేళ్ల వయసులో సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా చేరాడు. తట్టా, చెమ్మస్ పట్టుకుని బాయిలోకి దిగడం, పేల్చిన బొగ్గు ఎత్తి టబ్బులు నింపడం. 38 ఏళ్లు. ఆఖరి కొన్నేళ్లు మాత్రం సర్ఫేస్ మీద తేలిక పని ఇచ్చారు. నేను ఉర్దూ మీడియం బడిలో చదువుతున్న రోజుల్లో, ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చే అబ్బాని దూరం నుంచి చూస్తే మనిషి కనపడేవాడు కాదు, కళ్లు, పళ్లే కనపడేవి. ఎంత రుద్ది కడిగినా కనురెప్పల అంచున సుర్మా పెట్టినట్టు బొగ్గు గీత ఉండేది. ఈద్ నాడు మిగతా అబ్బాలు సుర్మా పెట్టుకుంటే మా అబ్బాకి ఆ ఖర్చు లేదని అమ్మీ నవ్వేది.

అమ్మీ 2021 మేలో పోయింది. కరోనా రెండో దెబ్బ. అప్పటికి భాయిజాన్ అమెరికా వెళ్లి పంతొమ్మిదేళ్లు. విమానాలు లేవు, ఉన్నా, వస్తే మళ్లీ వెళ్లగలడో లేదో తెలీదు. మా ఆయన ఫోను పట్టుకుని నిలబడితే, జెర్సీ సిటీలో తెల్లవారుజామున మంచం అంచున కూర్చుని అమ్మీ జనాజా చూశాడు. సిగ్నల్ పోయి, మట్టి ఇచ్చే వేళకి తెర మీద గిర్రున తిరిగే గీత ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత రెండున్నరేళ్లు తండ్రీకొడుకులు ప్రతి జుమా ఫోనులో మాట్లాడుకున్నారు. తబియత్ ఎలా ఉంది, మందులేసుకున్నావా, డబ్బు అందిందా. అంతే. ఆ రోజు సంగతి ఎత్తింది ఇద్దరిలో ఎవరూ లేరు.

కాగితాలు సర్దుకోగానే భాయిజాన్ అబ్బాని పిలిపించుకున్నాడు. తోడుగా నేను వెళ్లాను, ఆరు వారాల సెలవు పెట్టి. వెళ్లాకగానీ అసలు సంగతి తెలీలేదు. భాయిజాన్ మనసులో ఉన్నది ఆరు వారాలు కాదు, హమేషా. గ్రీన్‌కార్డుకి దరఖాస్తు, కింద గది, మసీదు దగ్గర, డాక్టరు దగ్గర, అన్నీ చూసి పెట్టాడు. అబ్బా వింటాడు, ఊఁ అంటాడు, మర్నాడు పొద్దున్నే నా దగ్గరికి వచ్చి "బేటీ, టికెట్ నవంబర్‌కే ఉంది కదా?" అంటాడు. ఆ ఇంట్లో అందరూ అందరితో అదబ్‌గా మాట్లాడుకుంటున్నారు. ఊపిరి మాత్రం ఆడటం లేదు.

మధ్యలో నా మేనల్లుడు ఒకడు. పదహారేళ్లు. పుట్టింది జెర్సీలోనే. ఉర్దూ అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. తెలుగు ఒక్క ముక్క రాదు. దాదా అంటే మొహబ్బతే, కానీ ఇద్దరి మధ్య మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. "స్కూలు ఎలా ఉంది?" "గుడ్, దాదా." అక్కడికి గుఫ్తగూ ఖతమ్. అయితే పిజ్జా తినడానికి మాన్‌హాటన్ తీసుకెళ్దామన్నది వాడే. "దాదా, అక్కడ కోయ్‌లా ఉంటుంది" అన్నాడు. అబ్బా పేపర్లోంచి తల ఎత్తాడు. "కోయ్‌లా? రోటీకి?"

ఇక్కడ కాస్త ఆగి, చదివేవాళ్లలో చాలామందికి వచ్చే సవాల్ గురించి చెప్పుకోవాలి. భాయిజాన్ ఇంట్లో జబీహా తప్ప మాంసం రాదు. పిజ్జా దుకాణంలో ఎలా? అమెరికాలో పెప్పరోనీ అంటే మామూలుగా పంది మాంసం, గొడ్డు మాంసం కలిపి చేసిన ముక్కలు. (ఇటలీ భాషలో దాదాపు అదే మాటకి అర్థం క్యాప్సికం. మన పిల్లలు అక్కడికెళ్లి అది అడిగితే కూరగాయలొస్తాయి.) సాసేజ్ అన్నా చాలావరకు పందిదే. అవి వద్దనుకుంటే మిగిలేది టమాటర్, జున్ను. ఆ జున్నులోనూ ఒక మాట ఉంది. పాలని విరగ్గొట్టడానికి పాత పద్ధతిలో దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు. జబీహా కాని జంతువు నుంచి తీసిన రెన్నెట్ గురించి ఇమామ్ అబూ హనీఫా ఒక మాట చెప్పారు, ఆయన ఇద్దరు షాగిర్దులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ ఇంకో మాట చెప్పారు. వెయ్యేళ్ల పైబడిన ఇఖ్తిలాఫ్ ఇది. ఇప్పుడు చాలా జున్నులు సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్‌తో చేస్తున్నారు కాబట్టి డబ్బా మీద చదువుకునే వీలుంది, దుకాణంలో అడిగే వీలుంది. ఇక భట్టీ. ఒకే నేల మీద అందరి రొట్టెలూ కాలతాయి. ఫతావా ఆలంగీరీలో తందూర్ గురించి ఒక మస్‌అలా ఉంది. నాపాక్ తడి గుడ్డతో తందూర్ తుడిచారు, రొట్టె అంటించేలోపే నిప్పు వేడికి ఆ తడి ఆరిపోయింది, అప్పుడు రొట్టె నాపాక్ కాదు అని. ఔరంగజేబు కాలంలో కూడా మన పెద్దలు రొట్టెల దుకాణం ముందు నిలబడి ఇదే ఆలోచించారంటే నాకు ముచ్చటేసింది. పంది కొవ్వు విషయంలో దీన్ని ఎంతవరకు లాగొచ్చో మీ ఆలిమ్‌ని అడగండి. నేను ముఫ్తీని కాదు, విలేకరిని.

అబ్బా తన ఫైసలా తనే చేసుకున్నాడు. "నాకు పనీర్ నక్కో. టమాటర్, లహ్సన్, రోటీ. అంతే." అబ్బాకి తెలీదు గానీ ఆయన అడిగినదానికి నేపుల్స్‌లో పేరుంది, మారినారా. టమాటా, వెల్లుల్లి, ఓరెగానో ఆకు, ఆలివ్ నూనె. జున్ను ఉండదు. పేరు సముద్రానిదైనా చేప కూడా ఉండదు. నేపుల్స్‌లో 1870 నుంచి ఉన్న దా మికేలే అనే దుకాణం చాలాకాలం పాటు ఈ మారినారా, మార్గరీటా రెండే చేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. మార్గరీటా కథ మీరు వినే ఉంటారు, 1889లో రఫాయెల్ ఎస్పోసితో అనే ఆయన ఇటలీ రాణి మార్గరీటా కోసం జెండా రంగుల్లో చేశాడని. ఆ కథకి పునాదిగా చూపించే ఉత్తరం నిజమైనదేనా అని చరిత్రకారులకి షక్ ఉంది. రాణి తిన్నా తినకపోయినా, అది గరీబుల తిండి. రేవులో పనిచేసేవాళ్లు నిలబడి తిని పనికి పోయే రొట్టె. పైగా ఆ 1889లోనే మా పక్క ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైంది. ఈ రెండింటికీ సంబంధమేమీ లేదు. జర్నలిస్టు బుద్ధి, తేదీలు కలిస్తే ఊరుకోదు.

ఆదివారం జొహర్ నమాజ్ చదువుకుని బయల్దేరాం. జర్నల్ స్క్వేర్‌లో ప్యాత్ రైలెక్కితే హడ్సన్ నది కింది నుంచి మాన్‌హాటన్‌లో తేలుతుంది. ఆ సొరంగాల్లో రైళ్లు 1908 నుంచి నడుస్తున్నాయి. రైలు నది కిందికి దిగుతుంటే చెవులు మూసుకుపోయాయి. అబ్బా కిటికీకి మొహం ఆనించి బయటి చీకట్లోకి చూస్తున్నాడు. "కప్పు ఇనుముతో కట్టారు. దిమ్మెలు లేవు" అన్నాడు తనలో తనే. తర్వాత నావైపు తిరిగి, "భూమి కింద అంతకాలం ఉన్నా, నది కింద ఎప్పుడూ పోలేదు బేటీ" అన్నాడు. ఆ దేశం వెళ్లాక ఆయన గొంతులో హుషారు వినడం అదే మొదటిసారి. మేనల్లుడు ఫోను జేబులో పెట్టేసి, "దిమ్మెలు అంటే ఏంటి, ఫుప్పూ?" అని అడిగాడు. కప్పు కూలకుండా నిలబెట్టే కర్ర దుంగలని చెప్పాను.

క్రిస్టఫర్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి కాసేపు నడిస్తే బ్లీకర్ వీధి. ఒకప్పుడు ఇటలీ నుంచి వచ్చినవాళ్ల మొహల్లా అది. వాళ్ల చర్చి ఇంకా అక్కడే ఉంది, అవర్ లేడీ ఆఫ్ పాంపే పేరుతో. 1880 నుంచి 1920ల దాకా నలభై లక్షల మంది పైగా ఇటలీవాళ్లు అమెరికా వచ్చారు, ఎక్కువమంది దక్షిణాది బీదవాళ్లు. వచ్చినవాళ్లంతా ఉండిపోలేదు. నాలుగు డాలర్లు కూడబెట్టుకుని తిరిగి వెళ్లిపోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఈ ముక్క నేను భాయిజాన్ ముందు పైకి చెప్పలేదు.

ఉండిపోయినవాళ్లు రొట్టెల భట్టీలు కట్టారు. నేపుల్స్‌లో కట్టెలు వాడేవాళ్లు ఇక్కడికొచ్చేసరికి బొగ్గు పెట్టారు, ఈ నగరంలో అప్పుడు బేకరీలు నడిచింది బొగ్గు మీద కాబట్టి. స్ప్రింగ్ స్ట్రీట్‌లో జెన్నారో లొంబార్దీ పేరు మీద 1905 నుంచి లెక్క చెప్తారు. అక్కడ పనిచేసిన టొటొన్నో పెరో 1924లో కోనీ ఐలాండ్‌లో సొంతంగా పెట్టుకున్నాడు. మేం వెళ్లింది జాన్ సాసో 1929లో మొదలుపెట్టిన జాన్స్‌కి. బయటి నుంచి చూస్తే మన పాత ఇరానీ హోటళ్లలాగే ఉంది, ఏ ఆర్భాటమూ లేదు. 'ముక్కలు అమ్మబడవు' అన్న అర్థం వచ్చే బోర్డు ఒకటి. తింటే మొత్తం రొట్టె తీసుకోవాలి. చాలామందికి అది పొగరుగా అనిపిస్తుందట. నాకు మాత్రం దస్తర్‌ఖాన్ గుర్తొచ్చింది. మన ఇళ్లల్లో కూడా ఒక మనిషికి ముక్క కోసి ఇచ్చే రివాజ్ లేదు కదా, థాలీ మధ్యలో పెడితే చుట్టూ చేతులు చేరాల్సిందే.

అరగంట వరసలో నిలబడ్డాం. అబ్బా లాల్చీ మీద స్వెట్టరు, తల మీద టోపీ, చేతికర్ర. ముందున్న ముసలాయన ఒకరు తన చోటు ఇస్తానన్నాడు. అబ్బా వద్దని చెయ్యి ఊపి, "మస్టరు దగ్గర లైన్లో నిలబడ్డవాణ్ణే" అన్నాడు నాతో.

లోపల చెక్క బెంచీలు, చెక్క బల్లలు, వాటి మీద ఖాళీ లేకుండా పేర్లు. కత్తితో, తాళంచెవితో, దేనితో చెక్కారో ఖుదాకే తెలుసు. ఒక పేరు మీద ఇంకో పేరు, తేదీలు, దిల్ బొమ్మలు. అబ్బా బల్ల మీద అరచెయ్యి ఆనించి నెమ్మదిగా నిమిరాడు. "మేం టబ్బు మీద సుద్దతో మా గ్యాంగు నంబరు రాసేవాళ్లం. పైకి పోయేసరికి సగం చెరిగేది. ఎవరి టబ్బు ఎవరిదని కొట్లాట." మేనల్లుడు తండ్రి వైపు చూశాడు, తర్జుమా కోసం. భాయిజాన్ ఇంగ్లీషులో చెప్పాడు. చెప్తూ చెప్తూ "ఇది నాకూ తెలీదు అబ్బా" అన్నాడు.

మేనల్లుడే ఆర్డరు ఇచ్చాడు. ఒకటి జున్ను, టమాటాతో. ఒకటి జున్ను లేకుండా, వెల్లుల్లితో. మాంసం ఏదీ తగలకూడదు, కోసే చక్రం కడిగినది కావాలి అన్నాడు. వడ్డించే ఆవిడ విసుక్కోలేదు, తల ఊపి రాసుకుంది. పదహారేళ్ల పిల్లాడు నలుగురు తెల్లవాళ్ల మధ్య సంకోచం లేకుండా మా మజ్‌హబ్ మాట అలా మామూలుగా చెప్పడం చూసి అబ్బా నా వైపు కనుబొమ్మ ఎత్తాడు. ఆయన షాబాషీ ఎప్పుడూ అంతే, మాట రాదు.

తర్వాత లేచి భట్టీ చూస్తానన్నాడు. మనవడు చెయ్యి పట్టుకున్నాడు. నేనూ వెనకే వెళ్లాను. ఇటుకల గుహ లాంటిది, లోపల ఒక పక్క బొగ్గు ఎర్రగా మండుతోంది. 800 ఫారన్‌హీట్ దాటిన వేడి, మన లెక్కలో 430 సెల్సియస్ పైమాటే. పడవ తెడ్డంత పొడుగు కర్ర పార మీద రొట్టె పెట్టి లోపలికి విసిరి, నాలుగు నిమిషాల్లో రెండు మూడుసార్లు తిప్పి బయటికి లాగుతున్నాడు ఉస్తాద్. ఎక్కడ వేడి ఎక్కువుందో, ఏ రొట్టె ఎప్పుడు తిరగాలో చూసుకునే మీటరు ఏదీ అతని దగ్గర నాకు కనపడలేదు. మన నాన్ భట్టీ దగ్గర కూడా అంతే, హునర్ మొత్తం కంట్లో, మోచేతిలో ఉంటుంది. కాకపోతే మనవాడు తందూర్ గోడకి అంటిస్తాడు, ఇతను ఇటుక నేల మీద పరుస్తాడు.

అబ్బా రొట్టె వైపు చూడలేదు. నిప్పు వైపే చూస్తున్నాడు. "పొగ లేదు" అన్నాడు. "మన బొగ్గయితే ఈపాటికి అందరూ దగ్గుతూ బయట ఉండేవాళ్లు. ఇది మనది కాదు." భాయిజాన్ ఫోనులో వెతికి చెప్పాడు, ఇలాంటి భట్టీల్లో వాడేది ఆంథ్రసైట్, పక్క రాష్ట్రం పెన్సిల్వేనియా గనుల నుంచి వస్తుందని. అబ్బా చేతికర్ర నేల మీద కొట్టాడు. "ఆంథ్రసైట్! వీటీసీ ట్రైనింగులో మాస్టరు పేరు చెప్పాడు. అన్నిటికన్నా గట్టి బొగ్గు, అద్దంలా మెరుస్తుంది, మన దగ్గర దొరకదు అన్నాడు. యాభై రెండేళ్ల తర్వాత చూస్తున్నా." ఓ బిడ్డ పెళ్లికి కూడా ఆయన మొహం అంత వెలగలేదు. ఆ బిడ్డని నేనే కాబట్టి చెప్పే హక్కుంది.

ఆ ఏడాదే ఈ భట్టీల మీద నగరంలో పెద్ద రగడ నడిచింది. పాత బొగ్గు, కట్టెల భట్టీల నుంచి వచ్చే దుమ్ము కణాలు 75 శాతం తగ్గేలా ఫిల్టర్లు పెట్టుకోవాలని అధికారులు నిబంధన ప్రతిపాదించారు. మా పిజ్జా జోలికొస్తారా అని జనం గుస్సా అయ్యారు. నేను కూడా పాతకాలం వైపే మొగ్గుతానేమో. భాయిజాన్ ఆ సంగతి చెప్పినప్పుడు అబ్బా మాత్రం, "జాలీ పెట్టమంటే తప్పేముంది? రోటీ తినేది వీళ్లు, పొగ పీల్చేది పై అంతస్తువాళ్లు" అన్నాడు. అనేసి దగ్గాడు. ఆ దగ్గు మా ఇంట్లో నాకన్నా పెద్దది. దాని ముందు నేను వాదన పెట్టుకోలేదు.

రొట్టెలొచ్చాయి. అంచులు అక్కడక్కడ నల్లగా మాడి ఉన్నాయి. మేనల్లుడు కంగారుపడి, "అది కావాలనే, దాదా, అలాగే ఉంటుంది" అన్నాడు. మాడిన రొట్టె గురించి మా అబ్బాకి ఎవరూ చెప్పక్కర్లేదు. బిస్మిల్లా చెప్పి ఒక ముక్క ఎత్తి, నోట్లో పెట్టుకోకుండా తిరగేశాడు. అడుగున చిరుతపులి మచ్చల్లా నల్లటి చుక్కలు. చెవి దగ్గర పెట్టుకుని గోరుతో రెండుసార్లు కొట్టాడు. టక్ టక్ అంది. పక్క బల్ల దగ్గరి అమ్మాయి నవ్వు ఆపుకుంటోంది.

"ఏం చేస్తున్నారు దాదా?"

అప్పుడు మొదలుపెట్టాడు అబ్బా. బాయిలో పేలుడు తర్వాత లోపలికి పోయేముందు కర్రతో కప్పుని కొట్టి చూస్తారట. గట్టిగా ఉంటే ఖణేల్‌మంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డప్పులా బొల్లు శబ్దం వస్తుంది. ఆ శబ్దం వస్తే సర్దారు ఎంత తిట్టినా లోపలికి అడుగు పెట్టకూడదు. "రోటీ బొల్లుగా పలకాలి, కప్పు బొల్లుగా పలకకూడదు. అంతే ఫరక్." మనవడు కూడా ఒక ముక్క తీసి కొట్టి చూశాడు. తర్వాత ఇంకోటి. వాడి ప్రశ్నలు అక్కణ్ణుంచి మొదలయ్యాయి. ఎంత లోతు? దీపం ఎక్కడ కట్టుకుంటారు? నీళ్లు ఎలా? నమాజ్ ఎక్కడ? "పని ఆగిన చోట" అన్నాడు అబ్బా. ఖిబ్లా ఎలా తెలిసేదంటే, ఏ రోడ్డు ఏ దిక్కుకి పోతుందో తెలిసేది కాబట్టి దానికి అడ్డంగానో నిలువుగానో నిలబడేవాళ్లట. నలభై ఏళ్లుగా ఆయన కూతుర్ని. పేపరు పని నాది. ఒక్కసారి కూడా ఇది అడగాలని నాకు తోచలేదు, ఆయనకి చెప్పాలనీ తోచలేదు.

రుచి ఎలా ఉందంటారా? పలచటి రొట్టె, ముందు కరకర, తర్వాత నమిలితే సాగుతుంది. టమాటా కాస్త పులుపుగా, కాస్త తీపిగా, ఉడికీ ఉడకని పచ్చిదనంతో ఉంది. అట్టపెట్టె పిజ్జాలో టమాటా ఉందని నాకెప్పుడూ తెలీలేదు, ఇక్కడ అదే దొర. వెల్లుల్లి ఘాటుగా. అబ్బా నాలుగు ముక్కలు తిన్నాడు. అమెరికా వెళ్లాక ఇంటి బయట ఆయన కడుపునిండా తినడం అదే. నేను జున్నుది తిన్నాను, అది బాగానే ఉంది, కానీ ఈ విషయంలో అబ్బా పక్షమే నాది.

మూడో ముక్క దగ్గర మేనల్లుడు అడిగాడు, "ఎవరైనా చనిపోయారా, దాదా?"

భాయిజాన్ వాణ్ణి కసిరేలోపే అబ్బా జవాబు మొదలుపెట్టాడు. తన గ్యాంగులోనే ఒకతను, కరీంనగర్ వైపు పల్లెటూరి మనిషి, కప్పు కూలి పోయాడు. టబ్బులో పైకి తెచ్చారు. ఇంటివాళ్లకి టెలిగ్రాం ఇచ్చారు. ఎండాకాలం, ఆపలేరు. అన్నదమ్ములు చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం. "ఆ లోపే మేమే గుసుల్ ఇచ్చాం, మేమే మట్టి ఇచ్చాం. వాళ్ల అన్న కబర్ దగ్గర పడి ఏడుస్తుంటే మా సర్దారు లేపి కూర్చోబెట్టాడు. సర్దారు హిందువు. 'నువ్వు రాలేదని ఎవరూ లెక్క రాయలేదు, నీ తమ్ముడు ఒంటరిగా పోలేదు, అది చూసుకో' అన్నాడు."

ఇదంతా మనవడి వైపు చూసి చెప్పాడు. తర్వాత భాయిజాన్ వైపు తిరిగాడు.

"మీ అమ్మీకి నేను మట్టి ఇచ్చా. దామాద్ ఇచ్చాడు. మసీదు పిల్లలు నలుగురు ఇచ్చారు, ఆ రోజుల్లో ఎవరూ దగ్గరికి రాని వేళ. ఆమె ఒంటరిగా పోలేదు. నన్ను ఇక్కడ పెట్టుకుని ఏదో బాకీ తీర్చాలని చూడకు రే. నీ మీద బాకీ లేదు."

భాయిజాన్ ఏమీ అనలేదు. చేతులు కడుక్కుని వస్తానని లేచి, చాలాసేపటికి వచ్చాడు. ఈలోగా మేనల్లుడు నన్ను "బాకీ అంటే?" అని అడిగాడు. ఇంగ్లీషులో ఒక మాట ఉంది, కానీ అది చెప్పాలనిపించలేదు. అప్పు అన్నాను. వాడికి ఉర్దూలో 'ఖర్జ్' తెలుసు, అర్థమైందన్నాడు. తిరిగొచ్చిన భాయిజాన్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. అబ్బా తన ముందున్న రొట్టెలో అంచు ఎక్కువగా మాడిన ముక్క తీసి ఆయన ప్లేటులో పెట్టాడు. చిన్నప్పుడు తవా మీద అడుగంటిన రొట్టె కోసం మా ఇద్దరికీ కొట్లాట, గెలిచేది ఎప్పుడూ భాయిజానే.

మిగిలిన మూడు ముక్కలు కట్టించుకున్నాం, భాభీకి. ఆ పెట్టె రైలులో అబ్బా ఒళ్లోనే ఉంది. ఇంటికెళ్లాక మైక్రోవేవ్‌లో పెట్టబోతే ఆయనే ఆపి, తవా మీద, సన్నటి మంట మీద పెట్టించాడు. ఆ రాత్రి తండ్రీకొడుకులు ఇషా తర్వాత కూడా కింద గదిలో కూర్చుని మాట్లాడుకుంటుంటే పైకి మాటలు వినపడలేదు, నవ్వు మాత్రం రెండుసార్లు వినపడింది. టికెట్ ఎవరూ మార్చలేదు. నవంబర్‌లో అబ్బా నాతో పాటే వచ్చేశాడు. దరఖాస్తు కాగితాలు భాయిజాన్ బీరువాలోనే ఉన్నాయి. ఇప్పుడు జుమా ఫోను గంట సేపు నడుస్తోంది, మందుల మాట ఐదు నిమిషాలే.

పోయిన ఏడాది డిసెంబర్‌లో మేనల్లుడు ఒక్కడే కొత్తగూడెం వచ్చాడు. పన్నెండు రోజులు ఉన్నాడు. అబ్బా మొదట వాణ్ణి కబరస్తాన్‌కి తీసుకెళ్లాడు, దాదీ దగ్గర ఫాతెహా చదివించాడు. తాను దిగిన బాయి మూతపడి చాలాకాలమైంది, కంచె బయటి నుంచి చూపించాడు. తిరిగొచ్చేటప్పుడు బస్టాండు దగ్గర హోటల్లో ఆగాం. తందూరీ రోటీలు వేడివేడిగా వచ్చాయి. మేనల్లుడు ఒకటి ఎత్తి, తిరగేసి, చెవి దగ్గర పెట్టుకుని గోరుతో కొట్టాడు. హోటల్ ఆయన పని ఆపి, పిల్లాడికేమైంది అన్నట్టు అబ్బా వైపు చూశాడు.

"ఏం లేదు భాయ్" అన్నాడు అబ్బా. "కప్పు చూస్తున్నాడు."